అప్రోప్రియేషన్స్ కమిటీ చేతిలో ఉన్నా అరిజోనా కాలువకు కార్ల్ హేడెన్ 1968 దాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది?

దిగువవాటా:

కొలరాడో నది పంపకాల గురించి చదువుతుంటే ఒక చోట ఆగిపోయాను. కార్ల్ హేడెన్ 1912లో అరిజోనా రాష్ట్రం ఏర్పడగానే ప్రతినిధుల సభకు వెళ్లారు. 1927 మార్చి నుంచి 1969 జనవరి దాకా సెనేట్‌లో ఉన్నారు. రెండూ కలిపితే 57 ఏళ్లకు కాస్త తక్కువ. 1955 నుంచి చివరి రోజు దాకా సెనేట్ అప్రోప్రియేషన్స్ కమిటీ ఛైర్మన్ ఆయనే. అంటే దేశం మొత్తం పద్దులు ఆయన బల్ల మీదుగా వెళ్లాయి.

అంత పట్టున్న మనిషి కొలరాడో నీటిని ఫీనిక్స్, టూసాన్‌ల వైపు తెచ్చే కాలువ, సెంట్రల్ అరిజోనా ప్రాజెక్టు (ఇక్కడ సీఏపీ అంటాను) కోసం 1940ల నుంచి ప్రయత్నిస్తే, చట్టం 1968లో వచ్చింది. ఎందుకింత ఆలస్యం? ఆ ప్రాజెక్టు నిజంగా హేడెన్ పలుకుబడి ఫలమేనా, లేక వయసు మీద పడ్డ పెద్దాయనకు అందరూ కలిసి ఇచ్చిన వీడ్కోలు కానుకా? రెండో మాట చాలా చోట్ల కనిపిస్తోంది, అందుకే అడుగుతున్నా.

పద్దులమనిషి:

వీడ్కోలు కానుక అనే మాట వినడానికి బాగుంటుంది కానీ నిలబడదు. ముందు పద్ధతి చూడండి.

అమెరికాలో కేంద్ర నిధులతో ఆనకట్ట కట్టాలంటే రెండు గడపలు దాటాలి. మొదటిది ఆథరైజేషన్: ఈ పని చేపట్టవచ్చు, ఇంత దాకా ఖర్చు పెట్టవచ్చు అని చెప్పే చట్టం. రెండోది అప్రోప్రియేషన్: ఆ ఏడాది పద్దులో అసలు డబ్బు. హేడెన్ గుత్తాధిపత్యం రెండో గడప దగ్గర. సీఏపీ ఇరుక్కుపోయింది మొదటి గడపలో, అదీ సెనేట్‌లో కాదు, ప్రతినిధుల సభలో.

సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికీ ఇద్దరే. అక్కడ అరిజోనా, కాలిఫోర్నియా సమానం. హేడెన్, అరిజోనా రెండో సెనేటర్ ఎర్నెస్ట్ మెక్‌ఫార్లాండ్ కలిసి సీఏపీ బిల్లును 1950లో ఒకసారి, 1951లో మరోసారి సెనేట్‌లో గెలిపించారు. ప్రతినిధుల సభలో లెక్క జనాభాను బట్టి. 1950 జనగణన తర్వాత కాలిఫోర్నియాకు 30 సీట్లు, అరిజోనాకు 2. 1960 జనగణన తర్వాత 38, 3. ఈ తూకంలో సీనియారిటీ ఏం చేస్తుంది? 1951 ఏప్రిల్‌లో ఆ సభలో నీటి ప్రాజెక్టులు చూసే ఇంటీరియర్ కమిటీ, నీటి హక్కులు కోర్టులోనో ఒప్పందంలోనో తేలేదాకా ఈ బిల్లు ముట్టుకోబోమని తీర్మానించింది. అందుకే అరిజోనా 1952లో సుప్రీంకోర్టు మెట్లెక్కింది.

ఇంకో సంగతి. హేడెన్ సభలో గొంతెత్తే రకం కాదు. వక్తలకు పత్రికల్లో పేరొస్తుంది, ఆయన మాత్రం కమిటీ గదిలో కూర్చుని ఒక్కొక్క సెనేటర్ పద్దు చక్కబెట్టి పంపేవారు. తమ రాష్ట్రంలో రేవో, ఆనకట్టో కావాలనుకున్న ప్రతి సభ్యుడూ ఎప్పుడో ఒకప్పుడు ఆయన తలుపు తట్టాల్సిందే. ఆ బాకీలు కాగితం మీద ఉండవు, ఓటింగు రోజున బయటపడతాయి. 1967 ఆగస్టులో సీఏపీ బిల్లు సెనేట్‌లో 70–12తో నెగ్గింది. ఆ 70లో నది చూడని రాష్ట్రాలవాళ్లు ఎంతమందో లెక్కపెట్టండి.

ఈ కమిటీ ఛైర్మన్ల పంతం ఎలా ఉండేదో చూడాలంటే 1962 చాలు. 84 ఏళ్ల హేడెన్‌కూ, ప్రతినిధుల సభలో అదే కమిటీ నడిపే 83 ఏళ్ల క్లారెన్స్ కానన్‌కూ ఉమ్మడి సమావేశాలు ఎవరి వైపు జరగాలి, ఎవరు అధ్యక్షత వహించాలి అన్నదాని మీద పేచీ. నెలల తరబడి పద్దుల బిల్లులు ఆగిపోయాయి. చివరికి రెండు సభలకూ మధ్యలో ఒక గది చూసుకున్నారు.

నీటిలెక్క:

పద్దులమనిషి గారు చెప్పినదానికి నీటి వైపు లెక్క కలుపుతాను. అది లేకపోతే హేడెన్ దేని కోసం పెనుగులాడారో అర్థం కాదు.

కొలమానం ముందు: ఎకరం నేల మీద అడుగు లోతు నీరు ఒక ఎకరా-అడుగు. పది లక్షల ఎకరా-అడుగులు అంటే 43.56 టీఎంసీ.

1922 కొలరాడో ఒప్పందం ఎగువ రాష్ట్రాలకు 75 లక్షల ఎకరా-అడుగులు, దిగువకు 75 లక్షలు అని గీత గీసింది, అంటే చెరో 327 టీఎంసీ దాకా. దిగువలో ఎవరికెంతో చెప్పలేదు. 1928 బౌల్డర్ కాన్యన్ చట్టంలో ఆ అంకెలు కనిపిస్తాయి: కాలిఫోర్నియాకు 44 లక్షలు (192 టీఎంసీ), అరిజోనాకు 28 లక్షలు (122), నెవాడాకు 3 లక్షలు (13). అరిజోనా వీటిని ఒప్పుకోలేదు. ఆ బిల్లును సెనేట్‌లో అడ్డుకోవడానికి హేడెన్, సహచర సెనేటర్ హెన్రీ ఆషర్స్ట్ కలిసి గంటల కొద్దీ మాట్లాడారు. మాట్లాడని మనిషి అని పేరు పడ్డవాడు సెనేట్‌లో మొదట గట్టిగా నోరు విప్పింది అక్కడే. అయినా చట్టం ఆగలేదు. 1922 ఒప్పందాన్ని అరిజోనా ఆమోదించింది 1944లో. మిగతా ఆరు రాష్ట్రాలు ఎప్పుడో సంతకం పెట్టాయి.

ఆ ఇరవయ్యేళ్ల మొండిపట్టు వల్ల జరిగిన నష్టం పెద్దది. కాలిఫోర్నియా ఈలోగా కాలువలు తవ్వి వాడకం పెంచుకుంది. పశ్చిమ రాష్ట్రాల నీటి చట్టంలో ముందు వాడినవాడికే ముందు హక్కు. అరిజోనా మొండికేసిన ప్రతి ఏడూ కాలిఫోర్నియా హక్కు గట్టిపడింది. ఒప్పందాన్ని ఆమోదించక తప్పదన్న దారికి రాష్ట్రం రావడం వెనుక, వాషింగ్టన్‌లో సీఏపీ అడగాలంటే ముందు ఒప్పందంలో ఉండాలన్న మామూలు లెక్క ఉంది.

ఇక కోర్టు. కాలిఫోర్నియా ప్రధాన వాదన ఏమంటే, అరిజోనా తన సొంత ఉపనది గిలా నీరు వాడుకుంటోంది కాబట్టి దాన్ని 28 లక్షల్లోంచి తీసేయాలని. అలా తీసేస్తే సీఏపీకి నీరే మిగలదు. అరిజోనా తరఫు న్యాయవాది మార్క్ విల్మర్ 1957లో కేసు దారి మార్చారు. న్యాయంగా పంచండి అని అడగడం మానేసి, 1928 చట్టంతోనే కాంగ్రెస్ పంచేసింది, ఆ అంకెలు ప్రధాన నదికే, ఉపనదులకు కాదు అని వాదించారు. 1963 జూన్ 3న సుప్రీంకోర్టు ఆ వాదననే ఒప్పుకుంది. దిగువ నది ఒడ్డున ఉన్న ఐదు ఆదివాసీ రిజర్వేషన్లకు కూడా సుమారు 9 లక్షల ఎకరా-అడుగుల హక్కు అదే తీర్పులో తేలింది. ఆ నీరు ఆయా రాష్ట్రాల వాటాలోంచే పోతుంది.

కాబట్టి 1963కి ముందు హేడెన్ దగ్గర డబ్బుంది, నీరు లేదు. తీర్పు వెలువడిన మర్నాడే ఆయన సెనేట్‌లో మళ్లీ బిల్లు పెట్టారు.

దిగువవాటా:

ఇద్దరికీ ధన్యవాదాలండి. మరి 1963లో నీరు ఖాయమయ్యాక ఇంకో ఐదేళ్లు ఎందుకు పట్టింది? ప్రతినిధుల సభలో సీట్ల లెక్క మారలేదు కదా, చివరికి ఏం కదిలింది?

పాతగెజిట్:

కదిలింది రెండు చోట్ల. ఒకటి కాలిఫోర్నియా, రెండోది వేన్ ఆస్పినాల్.

ఆస్పినాల్ కొలరాడో ప్రతినిధి, ఆ సభ ఇంటీరియర్ కమిటీ ఛైర్మన్. ఆయన కమిటీ దాటకుండా నీటి ప్రాజెక్టు ఏదీ సభ ముందుకు రాదు. ఆయన భయం సహేతుకమే. 1922లో లెక్కేసినప్పుడు నదిలో ఏటా 1.6 కోట్ల ఎకరా-అడుగులకు పైగా వస్తుందనుకున్నారు. వచ్చేది అంతకంటే తక్కువని 1960ల నాటికి తెలిసిపోయింది. సీఏపీ ఒకసారి పారితే ఎగువ రాష్ట్రాలు వాడని నీటికంతా కింది రాష్ట్రాలు అలవాటు పడతాయి, తర్వాత దాన్ని వెనక్కి లాగడం కష్టం. అందుకని ఆయన తన రాష్ట్రానికి ఐదు ప్రాజెక్టులు అడిగారు: అనిమాస్–లా ప్లాటా, డొలోరెస్, డల్లస్ క్రీక్, వెస్ట్ డివైడ్, శాన్ మిగెల్. అదీ సీఏపీతో పాటే పూర్తయ్యేలా చట్టంలో రాయాలన్నారు.

ఇక డబ్బు తెచ్చిపెట్టే భాగంగా బిల్లులో రెండు జలవిద్యుత్ ఆనకట్టలు ఉండేవి, బ్రిడ్జ్ కాన్యన్, మార్బుల్ కాన్యన్. గ్రాండ్ కాన్యన్‌కు చెరో కొసన. ఆ కరెంటు అమ్మిన డబ్బుతో కాలువ బాకీ తీర్చాలని పథకం. 1966లో ప్రకృతి పరిరక్షణ సంస్థ సియెరా క్లబ్ పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు ఇచ్చి దేశాన్ని కదిలించింది. 1967 ఫిబ్రవరిలో ప్రభుత్వం రెండింటినీ వదులుకుంది. ఇంటీరియర్ మంత్రి స్టీవర్ట్ యుడాల్ అరిజోనావాడే కావడం ఇక్కడ చిత్రం. హేడెన్ 1919లో గ్రాండ్ కాన్యన్ నేషనల్ పార్కు బిల్లును ప్రతినిధుల సభలో నడిపినవాడు కావడం ఇంకా చిత్రం.

1967 ఆగస్టులో సెనేట్ బిల్లు నెగ్గగానే ఆస్పినాల్ ఆ ఏడాదికి కమిటీ విచారణలు ముగించి కొలరాడో వెళ్లిపోయారు. హేడెన్ తన అసలు ఆయుధం తీసింది అప్పుడు. సీఏపీ ఆథరైజేషన్‌ను ఏకంగా ఆ ఏటి పబ్లిక్ వర్క్స్ పద్దుల బిల్లుకు తగిలిస్తానన్నారు. సెనేట్ 16వ నిబంధన పద్దుల బిల్లులో కొత్త చట్టం చొప్పించవద్దంటుంది. దాన్ని పక్కనబెట్టాలంటే మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. కానీ 70–12 అంకె అప్పటికే అందరి కళ్ల ముందుంది. పైగా పద్దుల బిల్లు ఎవరూ ఓడించలేరు, అందులో ప్రతివాడి ఊరి పనీ ఉంటుంది. ఆస్పినాల్ సొంత రాష్ట్రంలో నడుస్తున్న ఫ్రైయింగ్‌పాన్–ఆర్కాన్సా ప్రాజెక్టు నిధుల మీద కూడా నీడ పడింది.

అలా తగిలిస్తే ఆస్పినాల్‌కు తన ఐదు ప్రాజెక్టులూ దక్కవు, కమిటీ అధికారమూ పోతుంది. ఆయన తిరిగి వచ్చి, 1968 మొదట్లోనే బిల్లు తీసుకుంటానని మాటిచ్చారు. హేడెన్ తన సవరణ వెనక్కి తీసుకున్నారు. 1968 మే 6న హేడెన్ మళ్లీ పోటీ చేయనని ప్రకటించారు, పది రోజులకే ప్రతినిధుల సభ బిల్లు నెగ్గించింది. వీడ్కోలు కానుక కథ పుట్టింది ఈ పది రోజుల్లోంచే. కానీ బేరం అప్పటికే కుదిరిపోయింది. లిండన్ జాన్సన్ 1968 సెప్టెంబరు 30న సంతకం పెట్టారు.

బేరంలో అరిజోనా చెల్లించింది ఒక్కటే, కానీ అన్నిటికన్నా బరువైనది. నదిలో నీరు తగ్గితే ముందు సీఏపీకి కోత, కాలిఫోర్నియా 44 లక్షలు ముట్టుకోకూడదు. అరిజోనాలోనే యూమా లాంటి పాత ఆయకట్టులకు ఈ కోత వర్తించదు. కోర్టులో గెలిచిన సమాన హోదాను కాంగ్రెస్‌లో వదులుకోవడమన్నమాట. ఇది చెడ్డ బేరమని నేననుకోను. ప్రతినిధుల సభలో కాలిఫోర్నియా 38 ఓట్లకు అంతకన్నా తక్కువ ధర లేదు.

ఆ ఐదు కొలరాడో ప్రాజెక్టుల్లో డొలోరెస్, డల్లస్ క్రీక్ పూర్తయ్యాయి, అనిమాస్–లా ప్లాటా బాగా కుదించి కట్టారు. మిగతా రెండూ ఇప్పటికీ కాగితం మీదే.

ఎత్తిపోతల:

పాతగెజిట్ గారితో ఆ చివరి ముక్క దగ్గర విభేదిస్తాను. ధర ఎంతో 1968లో ఎవరికీ తెలియలేదు, ఇప్పుడు తెలుస్తోంది. కొలరాడో మీద హూవర్ ఆనకట్ట వెనకున్న మీడ్ సరస్సు మట్టం 1,075 అడుగులకు దిగితే మొదటి అంచె కోత. 2022లో తొలిసారి అమలైంది. అరిజోనాకు ఏడాదికి 5,12,000 ఎకరా-అడుగుల కోత, అంటే 22 టీఎంసీ పైన. 2007 మార్గదర్శకాల కింద 3,20,000, 2019 కరువు ఒప్పందం కింద ఇంకో 1,92,000. రాష్ట్ర వాటాలో 18 శాతం, దాదాపు అంతా సీఏపీ నెత్తిన. ఆ అంచెలో కాలిఫోర్నియాకు సున్నా. సీఏపీ లోపల మళ్లీ వరస ఉంది. ముందు రైతుల నీరు పోతుంది, తర్వాతే పట్టణాలు, ఆదివాసీల వాటాలు. పినాల్ కౌంటీ పొలాలు బీడు పడింది అందుకే.

ఇక ఆనకట్టలు తీసేసిన నిర్ణయం కాలువ ఇంజినీరింగును ఎలా మార్చిందో ఎవరూ చెప్పలేదు. కాలువ పొడవు 336 మైళ్లు. హవాసు సరస్సు నుంచి టూసాన్ చేరేసరికి నీటిని మొత్తం మీద 2,900 అడుగుల దాకా ఎత్తిపోయాలి. మొదటి పంపుహౌస్ ఒక్కటే 824 అడుగులు ఎత్తి కొండలోని సొరంగంలో పోస్తుంది. ఒక్కోటి 60,000 హార్స్‌పవర్ పంపులు ఆరు, కాలువ సామర్థ్యం 3,000 క్యూసెక్కులు. (ఆ పంపుహౌస్‌కు ఇప్పుడు మార్క్ విల్మర్ పేరు. హవాసు నుంచి ఫీనిక్స్ దాకా కాలువకు హేడెన్–రోడ్స్ పేరు. లాయరుకు పంపులు, సెనేటరుకు కాలువ.)

జలవిద్యుత్ పోయింది కాబట్టి ఈ పంపులకు కరెంటు బొగ్గు నుంచి తెచ్చారు. పేజ్ దగ్గర 2,250 మెగావాట్ల నవాహో థర్మల్ కేంద్రంలో 24.3 శాతం వాటా కేంద్ర ప్రభుత్వం కొంది. మిగులు కరెంటు అమ్మి ప్రాజెక్టు బాకీకి జమ చేసేవారు. సహజవాయువు చవకయ్యాక ఈ బొగ్గు కరెంటు గిట్టుబాటు కాలేదు. ఆ థర్మల్ కేంద్రం 2019 నవంబరులో మూతపడింది. కాన్యన్‌ను కాపాడిన గెలుపుకు నవాహో, హోపీ నేలల్లోని బొగ్గు గనులు ఖర్చయ్యాయన్నది మరచిపోకూడదు.

ధర సంగతి. 1968 చట్టం నిర్మాణానికి అనుమతించింది 83.2 కోట్ల డాలర్లు. 1973లో మొదలై 1993లో దాదాపు పూర్తయ్యేసరికి 400 కోట్లు దాటింది. రైతుల కోసమని చెప్పి తెచ్చిన ప్రాజెక్టులో నీటి ధర రైతులు భరించలేనంత అయింది. పక్కనే బోరు నీరు చవక. ఒప్పందం చేసుకున్న సాగు జిల్లాలు నీళ్లు తీసుకోలేక బాకీల్లో కూరుకుపోయాయి, రాయితీ ధరతో ప్రత్యేక కోటాలు పెట్టాల్సి వచ్చింది. చివరికి నీరు పట్టణాలకూ ఆదివాసీ ఒప్పందాలకూ మళ్లింది. ఇవాళ సీఏపీలో అతి పెద్ద వాటాదారు గిలా రివర్ ఇండియన్ కమ్యూనిటీ, ఏటా 3,11,800 ఎకరా-అడుగులు.

టూసాన్ పాఠం కూడా చెప్పాలి. 1992 నవంబరులో ఈ నది నీటిని శుద్ధి చేసి నేరుగా ఇళ్లకు వదిలారు. అక్కడి పైపులు దశాబ్దాలుగా భూగర్భ జలానికి అలవాటు పడ్డవి. కొత్త నీటి రసాయనం వేరు, పైగా ప్రవాహం దిశ కూడా మారింది. పాత ఇనప, గాల్వనైజ్డ్ గొట్టాల లోపల పేరుకున్న తుప్పు పొర ఊడిపోయి కుళాయిల్లో గోధుమరంగు నీరు వచ్చింది. 1994లో ఆపేశారు, 1995లో ఓటర్లు ఆ పద్ధతినే నిషేధించారు. తర్వాత అవ్రా లోయలో మడుగులు తవ్వి నీటిని నేలలోకి ఇంకించి, భూగర్భ జలంతో కలిసినదాన్ని తిరిగి తోడి 2001 నుంచి ఇస్తున్నారు. వాషింగ్టన్‌లో 22 ఏళ్లు నడిచిన కొట్లాటలో ఎవరూ కుళాయి దాకా ఆలోచించలేదు.

పద్దులమనిషి:

ఎత్తిపోతల గారు చెప్పింది కాలువ లోపాల గురించి. సెనేటర్ ప్రభావం గురించి అడిగారు కాబట్టి ఒక మాట. హేడెన్‌ను సీఏపీతోనే తూచడం అలవాటైంది కానీ, పెద్దగా కనిపించనివే ఎక్కువ కాలం పనిచేశాయి. వాటిలో మొదటిది రోడ్ల నిధుల సూత్రం. 1921 హైవే చట్టంలో కేంద్రం వాటా మామూలుగా 50 శాతం. పన్ను కట్టని కేంద్ర భూములు రాష్ట్ర విస్తీర్ణంలో 5 శాతం మించితే, ఆ శాతంలో సగం కేంద్ర వాటాకు కలుస్తుంది. ఉదాహరణకు 40 శాతం భూమి కేంద్రానిదైతే 50కి 20 కలిపి 70 శాతం కేంద్రమే భరిస్తుంది. పశ్చిమ రాష్ట్రాల వాదన సూటిగా ఉంది: మీ భూమి మీద మేం పన్ను వేయలేం, మీ భూమి దాటే రోడ్డుకు మీరే ఎక్కువ ఇవ్వండి. హేడెన్ అప్పటికి ప్రతినిధుల సభలోనే ఉన్నారు. అరిజోనా పేరు ఎక్కడా రాయకుండా అరిజోనాకు లాభం చేకూర్చే సూత్రం అది, పైగా మిగతా పశ్చిమ రాష్ట్రాలను తనవైపు తిప్పుకునేది. 1934 హేడెన్–కార్ట్‌రైట్ చట్టం ఇంకో మెట్టు: పెట్రోలు పన్నును రోడ్లకు కాక వేరే వాటికి మళ్లించే రాష్ట్రానికి కేంద్ర సాయంలో మూడో వంతు దాకా కోత, సర్వేకూ ప్రణాళికకూ 1.5 శాతం విడిగా.

ఓడిపోయిన పద్దూ ఉంది. 1924 శాన్ కార్లోస్ చట్టం, కూలిడ్జ్ ఆనకట్ట. గిలా నది మీద ఆదివాసీలకు 50,000 ఎకరాలు, ఇతరులకు 50,000 ఎకరాలు అన్నారు. ఆదివాసీలైన పీమా రైతుల నీరు పైనున్న వలస రైతులు లాగేసుకున్నారన్న అన్యాయాన్ని చూపి బిల్లు గెలిపించారు, సగం ఆయకట్టు మాత్రం ఇతరులకు పోయింది. నది రాబడి చాలక రిజర్వాయరు నిండిన ఏళ్లు అరుదు. లక్ష ఎకరాల మాట మాటగానే మిగిలింది.

పాతగెజిట్:

దిగువవాటా గారూ, ప్రభావం ఎంతో మీరే తేల్చుకోవాలంటే చూడాల్సిన వరస ఇది. మొదట చట్టం పాఠం కాదు, ఉమ్మడి కమిటీ నివేదిక చూడండి. సెనేట్ బిల్లులో ఒకటి, ప్రతినిధుల సభ బిల్లులో ఇంకొకటి ఉండి, చివరికి ఏది మిగిలిందో అక్కడ తెలుస్తుంది. 1968 చట్టానికైతే 44 లక్షల నిబంధనా, కొలంబియా నది నుంచి నీరు తెచ్చే అధ్యయనం మీద పదేళ్ల నిషేధమూ రెండింటి జాడా పట్టండి. రెండోది వాషింగ్టన్ రాష్ట్ర సెనేటర్ హెన్రీ జాక్సన్ పట్టుదల, ఆయన సెనేట్ ఇంటీరియర్ కమిటీ ఛైర్మన్.

రెండోది, అప్రోప్రియేషన్స్ విచారణల సంపుటాలు. అధికారిక బడ్జెట్ అడిగినంత, కమిటీ ఇచ్చినంత పక్కపక్కన పెట్టి, పెంపు ఎక్కడ పడిందో రాష్ట్రాల వారీగా రాసుకోండి. హేడెన్ ముద్ర ప్రసంగాల్లో దొరకదు, ఆ రెండు నిలువు వరసల తేడాలో దొరుకుతుంది. ఒకే ఏడు చూసి తీర్మానం చేయకండి, నిర్మాణం మధ్యలో ఉన్న ప్రాజెక్టుకు పద్దు ఎలాగూ పెరుగుతుంది. మొదలుపెట్టడానికి ఇచ్చిన తొలి సొమ్ము వేరుగా తీయాలి, అసలు పలుకుబడి అక్కడే.

మూడోది ఉత్తరాలు. హేడెన్ కాగితాలు అరిజోనా స్టేట్ యూనివర్సిటీ గ్రంథాలయంలో ఉన్నాయి. ఇతర సెనేటర్లు ఆయనకు రాసిన కృతజ్ఞతల ఉత్తరాల తేదీలను ఓటింగు తేదీల పక్కన పెట్టి చూడండి. ఆయన ఎవరినీ ఏమీ అడిగినట్టు రాతలో కనిపించకపోతే ఆశ్చర్యపోకండి.